కొలోన్ చూసి నాగాయలంక వెళ్ళాను

"నాగాయలంకలో ఏం పనండీ?" అని గుడివాడ బస్టాండులో పక్క సీటాయన అడిగితే వెంటనే జవాబు చెప్పలేకపోయాను. చుట్టాలున్నారా అంటే లేరు. రొయ్యల చెరువులున్నాయా అంటే అవీ లేవు. "జర్మనీలో ఒక ఊరు చూశానండీ, అందుకని నాగాయలంక వెళ్తున్నాను" అంటే ఆయన లేచి వేరే సీట్లోకి వెళ్ళిపోయేవాడు. అంచేత "ఊరికే, ఒకసారి చూసొద్దామని" అన్నాను. పాఠకులు సీటు మారరన్న ధైర్యంతో మీకు మాత్రం అసలు సంగతి చెబుతున్నాను.

ఆ జర్మనీ ఊరు పేరు కొలోన్. రైన్ నది ఒడ్డున ఉంది. మనవాళ్ళకు ఆ పేరు సెంటు సీసాల మీద 'ఓడికొలోన్'గా బాగా తెలుసు. నేను అక్కడికి వెళ్ళలేదు, వెళ్ళే స్తోమతా లేదు. ఫిలింలో చూశాను. 1945 మార్చిలో అమెరికన్ సైన్యం ఆ ఊళ్ళో అడుగుపెట్టినప్పుడు, సైనికులతోపాటే నడిచిన కెమెరామెన్లు తీసిన నలుపు తెలుపు ఫిలిం. యుద్ధం ముగిసేలోగా ఆ ఊరి మీద 262 విమాన దాడులు జరిగాయట. 1942 మే 30 రాత్రి అయితే ఒకేసారి దాదాపు వెయ్యి విమానాలు వచ్చిపడ్డాయి. ఇక ఏం మిగులుతుంది?

మిగిలింది, అదే విచిత్రం! విమానంలోంచి కెమెరా కిందికి చూస్తుంటే వీధులకు వీధులు కనబడతాయి. ఏ ఇంటికీ కప్పు లేదు, గోడలు మాత్రం నిలబడి ఉన్నాయి. పురుగు తొలిచేసిన తేనెపట్టులా ఉంటుంది ఊరంతా. కిటికీ ఉన్నచోట కిటికీ ఆకారం, మెట్లున్నచోట మెట్లు. రైన్ మీది పెద్ద వంతెన నడుం విరిగి నీళ్ళలో పడుకుని ఉంది. దాని పక్కనే కొలోన్ పెద్ద చర్చి, 157 మీటర్ల జంట గోపురాలతో, అలాగే నిలబడి ఉంది. ఆ చర్చి దగ్గరే మార్చి 6న రెండు టాంకుల మధ్య జరిగిన పోరాటాన్ని జిమ్ బేట్స్ అనే సైనిక కెమెరామన్ తీశాడు. మన స్టంటు మాస్టర్లు ఎవరూ కంపోజ్ చెయ్యలేని సన్నివేశం అది. టాంకులోంచి మంటల్లో మనుషులు దూకుతుంటే చూసి, నేను ఫోను కింద పెట్టేశాను.

అన్నట్టు ఒక ముచ్చట. మన మద్రాసు స్టూడియోల్లో 'ఆరీ' అని పిలుచుకున్న ఆరీఫ్లెక్స్ కెమెరా కూడా జర్మనీదే, మ్యూనిక్‌లో పుట్టింది. యుద్ధంలో జర్మన్ వార్తా కెమెరామెన్లు భుజాన వేసుకు తిరిగింది దాన్నే. బాంబులు ఆ కంపెనీ భవనాన్ని కూడా వదల్లేదు. తరవాత అదే వంశంలోని కెమెరాలు మన దేశానికొచ్చి అడవుల్లో, ఏటి ఒడ్డుల్లో మన హీరోల డ్యూయెట్లు తీశాయి. గిరగిరమని చప్పుడు చేసేవి గనక మాటలన్నీ తరవాత డబ్బింగులో కలిపేవారు.

ఆ కొలోన్ ఫిలిం చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం టాంకులు కాదు. 1978 మొదట్లో మా గుడివాడలో ఒక హాలు, ఒక న్యూస్‌రీలు, మా నాన్న ఖాళీ కుర్చీ.

అప్పటికి నాకు పన్నెండేళ్ళు. హాల్లో 'యమగోల' ఆడుతోంది. 1977 అక్టోబరులో విడుదలైన బొమ్మ అది. రామారావుగారు హీరో, యముడు మన కైకాల సత్యనారాయణ. గుడివాడ పక్కనున్న కౌతవరం మనిషి యముడి వేషం వేస్తే మా ఊళ్ళో సంబరానికి కొదవా! అసలు సినిమాకు ముందు ఫిల్మ్స్ డివిజన్ వారి రీలు వేసేవారు. అది వేస్తే ఎవరూ చూసేవారు కాదు. బీడీలు ముట్టించేవాళ్ళు, పిల్లల్ని దొడ్డికి తీసుకెళ్ళేవాళ్ళు, చీకట్లో సీటు వెతుక్కునేవాళ్ళు. ఆ వేళ రీలు మాత్రం వేరు. దివిసీమ అని వినబడింది. హాలు ఒక్కసారి సద్దుమణిగింది.

మా నాన్న చెల్లెల్ని, మా మేనత్తని, నాగాయలంక దిగువన సొర్లగొంది వైపు ఒక చిన్న పల్లెకిచ్చారు. కౌలుకి నాలుగెకరాలు, రెండు గేదెలు, తాటాకు ఇల్లు. ఇద్దరు పిల్లలు. 1977 నవంబరు 19, శనివారం సాయంత్రం సముద్రం లేచి పదిహేను ఇరవై అడుగుల ఎత్తున దివిసీమ మీదికొచ్చింది. పది పదిహేను కిలోమీటర్లు లోపలికి పారింది. పోయినవాళ్ళు పదివేలకు దరిదాపని సర్కారు లెక్క. దివిసీమలో ఎవర్నడిగినా ఆ లెక్క ఒప్పుకోరు. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం ఆ అక్టోబరులోనే మొదలైంది. మా ఇళ్ళకు మాత్రం రేడియోనే దిక్కు. నాన్న అయిదో రోజున బయల్దేరి అవనిగడ్డ దాకా ఏవో లారీలెక్కి, అక్కణ్ణుంచి బురదలో నడిచి వెళ్ళారు. మళ్ళీ నాలుగు రోజులకు ఇంటికొచ్చారు. ఏం చూశారో చెప్పలేదు. స్నానం చేసి, దక్షిణం వైపు తిరిగి కాసేపు కూర్చున్నారు. అమ్మకు అర్థమైంది.

అలాంటి మనిషి సినిమాకెందుకొచ్చారంటే నా పోరు పడలేక. రీలు నడుస్తోంది. నీళ్ళు, పడిపోయిన చెట్లు, హెలికాప్టరు... సగంలో నాన్న లేచి బయటికి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. నేను మాత్రం కదలకుండా కూర్చుని 'యమగోల' చివరిదాకా చూశాను. నవ్వాను కూడా. అల్లు రామలింగయ్యగారి చిత్రగుప్తుడు చిట్టా విప్పి లెక్కలు చూస్తుంటే పగలబడి నవ్వాను. బయటికొస్తే నాన్న సైకిల్ స్టాండు దగ్గర నిలబడి ఉన్నారు. "బాగుందా?" అని అడిగారు. "బాగుంది నాన్నా" అన్నాను.

ఆయన ఏ బొమ్మ దగ్గర లేచారు? ఇదే నన్ను వదలని ప్రశ్న. చెల్లెలి పల్లె కనబడిందా? చెల్లెలే కనబడిందా? నాకు తెలీదు. ఎందుకంటే ఆ క్షణాన నేను తెర వైపు చూడటం లేదు, సోడావాడి వైపు చూస్తున్నాను. నాన్నని ఎన్నడూ అడగలేదు. ఇప్పుడాయన లేరు.

కొలోన్ చూశాక ఆ న్యూస్‌రీలు కోసం నాలుగైదు చోట్ల వాకబు చేశాను. అది దొరకలేదు గానీ, పాత ఫిలింలు పోగుచేసే నా మిత్రుడొకాయన ఉప్పెన తరవాత తీసిన వార్తల ముక్క ఒకటి ఫోనుకు పంపాడు. రెండు నిమిషాలు కూడా లేదు. నలుపు తెలుపు, శబ్దం లేదు. అదే ఇదో కాదో నేను చెప్పలేను. దాన్ని ఆ ఊరివాళ్ళ ముందు పెడదామని బస్సెక్కాను.

ఆ బస్సు దారి సినిమా పత్రిక చదివేవాళ్ళకు తీర్థయాత్రే సుమండీ. గుడివాడకు దగ్గర్లోనే నాగేశ్వరరావుగారి రామాపురం, ఘంటసాలగారి చౌటపల్లి. పామర్రు దగ్గర రామారావుగారి నిమ్మకూరు. తరవాత కూచిపూడి, దాని సంగతి నేను చెప్పేదేముంది! చల్లపల్లి రాజావారి కోట దాటి, మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడికి బస్సులోంచే దణ్ణం పెట్టి, పులిగడ్డ దగ్గరికొస్తే కృష్ణమ్మ రెండు పాయలవుతుంది. ఆ రెండు చేతుల మధ్య, సముద్రం ఒడిలో ఉన్నదే దివిసీమ. ఉప్పెన తరవాత రామారావుగారూ నాగేశ్వరరావుగారూ జోలె పట్టి ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారంటే, అది ఎవరో పరాయివాళ్ళ కోసం కాదు, బస్సులో మూడు గంటల దూరంలో ఉన్న సొంత జిల్లా మనుషుల కోసం. మా వీధిలో కుర్రాళ్ళు దుప్పటి పరుచుకుని బట్టలడుగుతూ వస్తే, మా అమ్మ పెట్టెలోంచి రెండు కొత్త చీరలు తీసిచ్చింది. ఒకటి అత్తకు సంక్రాంతికి పెడదామని కొన్నది.

అవనిగడ్డలో బస్సు చాలాసేపు ఆగింది. ఎక్కడ చూసినా టీచరు ఉద్యోగాల కోచింగు బోర్డులు, పుస్తకాలు చంకన పెట్టుకున్న ఆడపిల్లలు. మండలి వెంకట కృష్ణారావుగారి ఊరిది. ఉప్పెన నాడు ఆయన మంత్రి. ఈ బురదలో ఆయన తిరిగిన తిరుగుడు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. అక్కణ్ణుంచి పచ్చటి పొలాల మధ్య నాగాయలంక.

నాగాయలంక రేవు చూస్తే ఇక్కడ ఏదైనా జరిగిందంటే నమ్మలేరు. కృష్ణ ఇక్కడ నది కాదు, చిన్న సముద్రం. అవతలి గట్టు పల్చటి గీతలా ఉంటుంది. శ్రీరామపాదక్షేత్రం ఘాట్ మెట్ల మీద కార్తీకమాసం దీపాల దొప్పలు ఇంకా అంటుకుని ఉన్నాయి. మరబోట్లు, వలలు, తెల్ల కొంగలు. పండుగప్ప చేప అమ్ముతున్నామె నాలాంటివాడు కొనడని చూడగానే పసిగట్టి తల తిప్పేసుకుంది.

రేవు దగ్గర టీ బడ్డీలో ఒక పెద్దాయన, డెబ్బై దాటిన మనిషి, కూర్చుని ఉన్నాడు. ఫోను చేతిలో పెట్టి సంగతి చెప్పాను. ఆయన చూడకుండానే అందర్నీ కేకేశాడు. అయిదు నిమిషాల్లో పదిమంది పోగయ్యారు.

"శబ్దం పెట్టు బాబూ."

"లేదండీ. మూగ ఫిలిం."

"అదేంది? చప్పుడే గదా అసలు ఉప్పెనంటే!" అన్నాడాయన. "ఆ చప్పుడు దేనిలాగుందో ఇప్పుడంటే చెప్తన్నాం, రైలొచ్చినట్టుందని. అప్పుడు మేం రైలు చూస్తేగా! దివికి రైలుందా ఏమన్నానా? ఆ చప్పుడేందో తెలవకనే సగంమంది వాకిట్లోకొచ్చి నుంచున్నారు."

ఆ మాట తరవాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నిజమే, దివిసీమకు ఇప్పటికీ రైలు లేదు.

బొమ్మ మొదలైంది. ఆకాశంలోంచి నీళ్ళు. నీళ్ళలో తాటిచెట్ల మొదళ్ళు. ఇంకా నీళ్ళు. "ఇది ఏటిమొగ దారి" అన్నారొకరు. "నీ మొహం, పాలకాయతిప్ప" అన్నారింకొకరు. తాటిచెట్లు వరసగా ఉన్నాయి గనక ఫలానా డొంక అని ఒకాయన, ఆ డొంకలో తాళ్ళెప్పుడున్నాయని ఇంకొకాయన. బొమ్మ నాలుగుసార్లు వేశాను, నాలుగుసార్లూ వేరే ఊరి పేరే చెప్పారు. అవనిగడ్డలో కోచింగు తీసుకుంటున్న కుర్రాడొకడు వెనకనుంచి తొంగిచూసి, "ఏముంది మావయ్యా ఇందులో? నీళ్ళేగా! ఇంతేనా?" అన్నాడు.

కుర్రాణ్ణి తిట్టబోయి ఆగిపోయాను. వాడన్నది నిజం. కొలోన్‌లో ఏం పోయిందో కంటికి కనబడుతుంది. ఇటికెతో కట్టిన ఇల్లు కూలితే మొండిగోడ సాక్ష్యంగా నిలబడుతుంది. ఇక్కడ మట్టిగోడ, తాటాకు కప్పు. నీళ్ళు ఆకును మోసుకుపోయాయి, మట్టిని కరిగించాయి. మిగిలింది ఖాళీ చోటు. పదిళ్ళ పల్లె పోయినా వెయ్యిళ్ళ ఊరు పోయినా ఫిలింలో ఒకేలా ఉంటుంది. యుద్ధం తరవాత జర్మనీ వాళ్ళు ఆ మొండిగోడల మధ్యనే సినిమాలు తీశారు. ఇటలీనుంచి రొసెల్లినీ వచ్చి, శిథిలమైన బెర్లిన్ వీధుల్లోనే ఒక పిల్లాడి కథ తీస్తే 1948లో లోకమంతా చూసింది. సెట్టు వెయ్యక్కర్లేదు మరి, కూలిన ఊరే సెట్టు. దివిసీమలో కెమెరా పెట్టడానికి నిలువుగా ఏమీ మిగల్లేదు. మనవాళ్ళు దీన్ని సినిమాగా తియ్యలేదని నాకు చాలాకాలం కోపంగా ఉండేది. 'ఉప్పెన' అని పేరు పెట్టి 2021లో తీసింది కూడా ప్రేమకథేనాయె. టీ బడ్డీ దగ్గర నిలబడ్డాక ఆ కోపం కొంచెం తగ్గింది.

మరో తేడా కూడా ఉంది. కొలోన్ మీద బాంబులు పడతాయని విమానాలకు ముందే తెలుసు, అందుకే కెమెరాలు సిద్ధంగా ఉన్నాయి. ఉప్పెనకు కెమెరామన్ తోడు రాడు. 1864 నవంబరులో బందరును సముద్రం ముంచి ముప్ఫయి వేలమందిని పొట్టనపెట్టుకున్నప్పుడైతే ఫిలిమే పుట్టలేదు. తెలుగు సినిమాకు పితామహుడైన రఘుపతి వెంకయ్యగారు ఆ బందరులోనే అయిదేళ్ళ తరవాత పుట్టారు.

"ఇంతేనా" అన్న కుర్రాడే తన మోటార్ సైకిల్ మీద నన్ను సొర్లగొంది వైపు తీసుకెళ్ళాడు. దారి పొడుగునా రొయ్యల చెరువులు, నీళ్ళు చిమ్మే చక్రాలు, ఆ వెనక మడ అడవి పచ్చగా. కాంక్రీటు స్తంభాల మీద నిలబడ్డ తుఫాను షెల్టర్లు. ఉప్పెన తరవాత సర్కారూ, రామకృష్ణ మిషన్ లాంటి సంస్థలూ ఇక్కడ పక్కా ఇళ్ళు కట్టించాయి. బందరులో ఇప్పుడు తుఫానుల్ని కనిపెట్టే రాడారుంది. గుల్లలమోద పేరు కూడా పేపర్లలో వస్తోంది, కాకపోతే క్షిపణుల మూలంగా. పొలాల్లోకి ఎక్కిన ఉప్పు కడగడానికి ఎన్ని పంటలు పట్టిందో కుర్రాడు వాళ్ళ తాతగారి లెక్కన చెబుతూ వచ్చాడు.

అత్త పల్లె ఎక్కడుండేదో అడిగితే ఒకామె చెయ్యెత్తి చెరువుల వైపు చూపించింది. "ఆ వైపే. అక్కడ ఇప్పుడేం లేదు." నేను ఫోను తీసి ఆ వైపు ఒక నిమిషం వీడియో తీశాను. తరవాత వేసి చూసుకుంటే చెరువు నీళ్ళు, గాలికి ఊగే తుంగ, ఒక మూల నా వేలు. నేను తీసిందీ నీళ్ళే.

పొద్దుగూకే వేళకు రేవుకు తిరిగొచ్చాం. టీ బడ్డీ దగ్గర ఒక ముసలమ్మ నాకోసం కాచుకుని కూర్చుందని చెప్పారు. పొద్దున బొమ్మ వేసినప్పుడు ఆమె లేదట, ఎవరో చెబితే వచ్చింది. ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. చివర్లో ఒక బొమ్మ ఉంది. అన్నం పొట్లాల కోసం నిలబడ్డ జనంలో ఒక ఆడమనిషి, చంకన పిల్ల. ఒక్క క్షణం కెమెరా వైపు తిరిగి చూస్తుంది, అంతే.

"ఆగు నాయనా. ఆపు. మళ్ళీ ఎయ్యి."

వేశాను. మళ్ళీ అంది. మళ్ళీ వేశాను. గుండె దడదడలాడింది. మా ఇంట్లో అత్త ఫొటో ఒక్కటి కూడా లేదు, పెళ్ళిలో తీయించిందీ అత్తగారింటితోపాటే పోయింది. ఆమె ముఖం నాకు గుర్తులేదు. ముక్కుపుడక, అరిసెల వాసన, ఆ రెండే గుర్తు. తెర మీది ఈమెకు ముక్కుపుడక ఉందో లేదో ఎంత పెద్దది చేసినా గింజలు గింజలుగా చెదిరిపోతోంది.

"ఎవరమ్మా? మీకు తెలుసా?"

"తెలవదు నాయనా."

"మరి మీవాళ్ళెవరన్నా..."

"మావాళ్ళు కాదు. మావాళ్ళయితే నాకు తెలవదూ!" అంది. ఫోను మాత్రం ఇవ్వలేదు. చీర చెంగుతో అద్దం తుడిచి మళ్ళీ చూసింది. "పిల్లది చలికి వణుకుతంది, చూశావా?"

నేనది చూడలేదు. ఇరవైసార్లు వేసుకున్నాను, చూడలేదు. చంకలో పిల్ల నిజంగానే వణుకుతోంది.

"ఈ బొమ్మ మా మనవడి ఫోనులోకి ఎక్కించవా?" అంది ముసలమ్మ.

కుర్రాడు రెండు ఫోనులూ పక్కపక్కన పెట్టి ఏవో నొక్కాడు. సిగ్నలు సరిగా లేక చాలాసేపు పట్టింది. ఈలోగా అవనిగడ్డ బస్సు హారను కొట్టింది. "ఎల్లు నాయనా, ఎల్లు, ఇదే ఆఖరి బస్సు" అంది ఆమె. నేను ఎక్కలేదు. ఫోను గంట మోగి, బొమ్మ చేరిందని కుర్రాడు చెప్పేదాకా అక్కడే కూర్చున్నాను. ఆ రాత్రి అవనిగడ్డకు వాడి బండి మీదే వచ్చాను.